గిరి ప్రదక్షిణ మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను

హెచ్‌బీఏవన్‌సీ అనే షుగర్ పరీక్షలో 6.3 అని రిపోర్టు చేతికొచ్చేసరికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. 2015 సంగతి. డాక్టరుగారు కాగితం మీద షుగర్‌కి ముందు దశ మొదలయ్యే 5.7 దగ్గర ఒక గీత, షుగర్ అని తేల్చే 6.5 దగ్గర ఇంకో గీత గీసి, "మీరు ఈ రెండింటి మధ్యలో ఉన్నారమ్మా, అదీ పై గీతకి దగ్గరగా" అన్నారు. మందులు రాయలేదు. నడవండి, బరువు తగ్గండి, మూడు నెలలాగి రండి అన్నారు. ఆ పరీక్ష కొలిచేది ఎర్ర రక్తకణాలకి అంటుకున్న చక్కెరని. ఆ కణాల ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి మూడు నెలల గడువు. ముందురోజు స్వీటు మానేసి వెళ్ళినా దాని ముందు మన ఎత్తులు పారవు. మా నాన్నకి షుగర్, మేనత్తలిద్దరికీ షుగర్. మా ఇంట్లో నలభై దాటినవాళ్ళని "నీకింకా రాలేదా?" అని పలకరించడం మామూలే.

పుట్టిల్లు విజయనగరం, కాపురం విశాఖపట్నం. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ పని. తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం క్యారేజీ విప్పడానికి లేవడం, మళ్ళీ సాయంత్రం స్కూటీ ఎక్కడానికి లేవడం. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, అప్పటి బరువు 79 కేజీలు. మన దక్షిణాసియా ఆడవాళ్ళకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిదంటారు. నాది 97.

ఎలా తగ్గావని ఇన్నేళ్ళలో నన్ను అడగని చుట్టం లేదు. తగ్గడమంటారా, అది ఒక్క ఏడాదిలోపే అయిపోయింది. తర్వాత సగం వెనక్కొచ్చింది. మళ్ళీ కొంత దింపుకుని అక్కడే ఉండడానికి మిగతా ఏళ్ళన్నీ పట్టాయి. ఆ ఏళ్ళ గురించి మాత్రం ఎవరూ అడగరు. నాకేమో చెప్పాలనిపించేది అదే.

మొదట నడక. వైజాగ్‌లో ఉంటూ నడవడానికి చోటు లేదంటే ఎవరూ నమ్మరు. బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున వాహనాల్ని ఆపేస్తారు. కాళీమాత గుడి దగ్గర స్కూటీ పెట్టి, సబ్‌మెరైన్ మ్యూజియం దాటి వుడా పార్కు దాకా వెళ్ళి వెనక్కొచ్చేదాన్ని. చలికాలం మఫ్లర్లు చుట్టుకున్న రిటైర్డ్ ఉద్యోగులు, చీర కింద స్పోర్ట్స్ షూ వేసుకున్న నాలాంటివాళ్ళు, మమ్మల్ని దాటుకుంటూ పరుగెత్తే నేవీ కుర్రాళ్ళు. సముద్రం వైపు చూసేవాళ్ళకన్నా ఫోన్లో మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళే ఎక్కువ.

ఆ నడకతో నా బరువు పెద్దగా కదల్లేదు. గంట నడిస్తే నాకు ఖర్చయ్యేది రెండొందల యాభై క్యాలరీల చిల్లర. గంట అయ్యేసరికి ఎదురుగా టిఫిన్ బండి. ఒక మసాలా దోసె తిని కాఫీ తాగితే ఆ లెక్క చెల్లు, పైన కొంత బాకీ కూడా. అకౌంట్స్ మనిషిని కాబట్టి ఈ పద్దు నాకు తొందరగానే అర్థమైంది. రోజుకి పదివేల అడుగులు వెయ్యాలన్న నియమం కూడా వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పెడోమీటరు పేరులోంచి వచ్చింది. ఆ సంగతి తెలిశాక ఫోన్లో అడుగులు తక్కువ చూపించాయని రాత్రి పదింటికి హాల్లో గిరగిరా తిరగడం మానేశాను.

నడక మేలు చెయ్యలేదని కాదు, చేసింది వేరే చోట. రాత్రి భోజనం కాగానే మేడమీద పావుగంట అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాక, తిన్న రెండు గంటలకి గ్లూకోమీటరులో చూసుకునే అంకె బాగా దిగింది. కాలి కండరాలు కదులుతూ ఉంటే రక్తంలో చక్కెరని, ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడకుండానే, అవే లాక్కుంటాయి. పొద్దున్న బీచ్‌లో నడిచిన గంటకన్నా రాత్రి ఆ పావుగంటే నా షుగర్‌కి ఎక్కువ పనికొచ్చింది. ఇప్పటికీ అది మానలేదు. వానపడితే పార్కింగ్‌లో తిరుగుతాను. వాచ్‌మన్‌కి అలవాటైపోయింది.

తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్నీ కొబ్బరినూనె డైట్ ఊపేసిన రోజులొచ్చాయి. పెళ్ళికెళ్ళినా, చావుకెళ్ళినా అదే మాట. అన్నం బంద్, ఇడ్లీ బంద్, పళ్ళు బంద్. నూనె, గుడ్లు, సూపులు, నిమ్మకాయ నీళ్ళు. నేనూ మొదలుపెట్టాను. మొదటి వారంలోనే నాలుగు కేజీలు దిగింది. ఇల్లంతా పండగ. అందులో ఎక్కువ భాగం నీళ్ళేనని అప్పుడు మాకెవరికీ తెలీదు. ఒళ్ళు గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న చక్కెర ఒక్కో గ్రామూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం మానగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, దాంతోపాటు నీళ్ళూ పోతాయి. కొవ్వు కరగడం ఆ తర్వాత, చాలా నెమ్మదిగా.

న్యాయంగా చెప్పాలంటే అది పనిచేసింది. కొన్ని నెలల్లో 63కి వచ్చాను. హెచ్‌బీఏవన్‌సీ కింది గీత దాటి 5.6కి దిగింది. జాకెట్లన్నీ మళ్ళీ కుట్టించుకున్నాను. సగం మంది "భలే తగ్గావే" అంటే, మిగతా సగం "ఏటలా చిక్కిపోయావు, షుగరా?" అన్నారు. మన దగ్గర లావైనా అడుగుతారు, సన్నబడ్డా అడుగుతారు, దానికి మందు లేదు.

కానీ ఆఫీసు మూడో అంతస్తుకి ఎక్కేసరికి ఇదివరకటికన్నా ఎక్కువ ఆయాసం. పదహారు కేజీల బరువు దింపుకున్న మనిషి ఇంకా తేలిగ్గా ఎక్కాలి కదా! దువ్వెన నిండా జుట్టు. గ్యాస్ సిలిండరు వంటింట్లోంచి బాల్కనీకి జరపాలంటే మా ఆయన ఇంటికొచ్చేదాకా ఆగాలి. తిండి బాగా తగ్గించి, ఒంటికి బరువు పని చెప్పకుండా తగ్గితే, పోయినదాంట్లో సుమారు నాలుగో వంతు కొవ్వు కాని భాగం ఉండొచ్చట, అందులో కండ కూడా. ముప్పై దాటాక కండ ఎలాగూ పదేళ్ళకి మూడు నుంచి ఎనిమిది శాతం చొప్పున తరుగుతూనే ఉంటుంది. నేను ఆ తరుగుదలని నెలల్లో కానిచ్చాను. కండ తక్కువైతే ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళు ఖర్చు పెట్టే శక్తి కూడా తగ్గుతుంది. అందుకే సంక్రాంతికి అరిసెలు, వెంటనే మా చెల్లెలి కూతురి పెళ్ళి, వేసవిలో ఆవకాయ అన్నం... ఏదీ అతిగా తినకుండానే 72కి వచ్చేశాను. ఈసారి వచ్చిందంతా పొట్టకే వచ్చింది. 79 ఉన్నప్పుడు పట్టిన పాత జీన్స్ 72లో బిగుతుగా ఉంటే కాటా మీద నమ్మకం పోదా మరి!

బరువు పెరగడం చూసి నడక రెట్టింపు చేశాను. రెండు నెలలు తిరక్కుండానే కుడి మడమ పట్టేసింది. పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది, పది అడుగులు వేశాక కాస్త నయం. ఫిజియోథెరపిస్టు ఒకావిడ దగ్గరికి వెళ్ళాను. గోడకి చేతులానించి పిక్కలు సాగదీయడం, ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసా మీద పాదం దొర్లించడం, ఇంట్లో మార్బుల్ నేల మీద ఉత్తకాళ్ళతో తిరగకపోవడం, ఇవీ ఆవిడ చెప్పిన వైద్యం. తర్వాత ఒక కుర్చీ చూపించి, చేతులు గుండెల మీద కట్టుకుని అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలనో చూడమన్నారు. ఏడెనిమిదికి తొడలు వణికాయి. "మడమ సంగతి తర్వాత చూద్దాం, మీ కాళ్ళలో సత్తువే లేదండీ" అన్నారావిడ. రోజూ రెండు గంటలు నడిచే మనిషితో అన్న మాట అది!

నాకు తెలిసిన జిమ్ అనుభవం అప్పటికి ఒకటే. ఇంటి దగ్గర్లోనే ఒకచోట ఏడాది డబ్బు ముందే కట్టించుకున్నారు. నన్ను ట్రెడ్‌మిల్ ఎక్కించి వదిలేశారు. ఆడవాళ్ళు బరువుల వైపు వెళితే "మీకెందుకు మేడమ్, మగాళ్ళలా అయిపోతారు" అనేవాడు ఆ కోచ్. ప్రొటీన్ డబ్బా మాత్రం నెలనెలా అంటగట్టబోయేవాడు. ఏడాది తిరక్కుండానే షట్టర్ దించేశారు, డబ్బులు గోవిందా.

ఈసారి ఫిజియో ఆవిడే ఒక చిన్న జిమ్ చెప్పారు. మేడమీద రేకుల షెడ్డు, ఏసీ లేదు, అద్దాలు లేవు. నేర్పించే అమ్మాయిది నెల్లిమర్ల వైపు. కాలేజీ రోజుల్లో వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకి వెళ్ళింది. మా విజయనగరం జిల్లాలో ఇది వింతేమీ కాదు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అని ఒక ఊరుంది, అక్కడ ఆడపిల్లలు బరువులెత్తడం ఇంటి వ్యవహారం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. అంతకుముందు సంగతి చెప్పాలా, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కేజీలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే.

ఇవన్నీ అమ్మకి తెలుసు. అయినా నా దగ్గరికొచ్చేసరికి, "పిల్లల్ని కన్నదానివి, బరువులెత్తితే గర్భసంచి జారిపోద్దే" అంది. నా గైనకాలజిస్టుని అడిగాను. నా ఒంటికి అలాంటి ఇబ్బందేమీ లేదని చూసి చెప్పి, ఒక్కసారిగా పెద్ద బరువులకి పోకుండా, ఊపిరి బిగబట్టకుండా చేసుకోమన్నారు. ఆ మాట అమ్మకి చెబితే "డాక్టర్లు అలాగే అంటారు" అంది. బిందెలు నెత్తిన పెట్టుకుని చెరువు నుంచి ఇంటికి మోసిన మనిషి ఆవిడ.

మొదటి రోజుల్లో ఆ అమ్మాయి నా చేతికి ఇనుము ఇవ్వలేదు. చీపురుకర్ర ఇచ్చింది. దాన్ని వెన్ను మీద నిలువుగా పెట్టుకుని వంగాలి, తల వెనక, వీపు మధ్య, తుంటి దగ్గర మూడుచోట్లా కర్ర తాకుతూనే ఉండాలి. "నడుముతో వంగకండక్కా, తుంటి వెనక్కి పంపండి. మీ వెనకాల తలుపు తెరిచి ఉంది, చేతులు ఖాళీ లేవు, దేంతో మూస్తారు?" అనేది. ఆ తలుపు మూయడం నాకు పట్టుబడడానికి పది రోజులు పైనే పట్టింది. ఇన్నేళ్ళూ నేను బకెట్టెత్తినా, పరుపు సర్దినా నడుముతోనే వంగుతున్నానని అప్పుడు తెలిసింది. తర్వాత 15 కేజీల బారు. నేల మీదున్న బారుకి పిక్కలు ఆనించి నిలబడి, గాజులు పైకి తోసి, పట్టు బిగించి, "చంకలో కాగితం పెట్టాను, జారనివ్వద్దు" అని ఆ పిల్ల అంటూ ఉండగా లేపాలి. నిజంగానే ఒకరోజు న్యూస్‌పేపర్ ముక్క పెట్టింది.

రెండు వారాలకోసారి రెండున్నర కేజీలు పెంచేది. మొదట్లో నా బలం చకచకా పెరిగింది. అది కండ పెరగడం కాదట, ఉన్న కండని నరాలు సరిగా వాడుకోవడం నేర్చుకుంటాయట. ఆ తర్వాత ఒక్కో అంచె ఎక్కడానికి నెలలు పట్టేది. వారానికి మూడు రోజులే రమ్మనేది. నేను ఆత్రంగా నాలుగో రోజు వెళితే వెనక్కి పంపేసేది, "కండ జిమ్‌లో పెరగదక్కా, పడుకున్నప్పుడు పెరుగుద్ది" అని. చేసిన మర్నాడు బాగానే ఉండి, రెండోరోజుకి బాత్రూంలో కూర్చోలేకపోవడం అంటే ఏమిటో చేసినవాళ్ళకే తెలుస్తుంది. అది సహజమే, నాలుగో రోజుకి పోతుంది. కీలులో పొడిచినట్టు వచ్చే నొప్పి వేరు, అది వస్తే ఆపెయ్యాలి. ఈ తేడా తెలుసుకోవడమే నాకు అక్కడ దొరికిన పెద్ద చదువు.

ఏడాదికి కాటా ఇంకా 70 చూపిస్తోంది. మొదటి ఉత్సాహంలో ఉన్నవాళ్ళెవరైనా ఈపాటికి మానేసేవాళ్ళు. టేపు మాత్రం నడుము దగ్గర ఆరు సెంటీమీటర్లు తక్కువ చూపించింది. అప్పటినుంచి కాటాని నెలకోసారి, అదీ నా నెలసరి అయ్యాక మాత్రమే ఎక్కుతున్నాను. ఉప్పు ఎక్కువ తిన్నా, నెలసరి ముందైనా ఒకటి రెండు కేజీలు అటూ ఇటూ అవుతాయి. రోజూ ఎక్కి దిగి టెన్షన్ పడడం ఎవరికి లాభం?

తిండి సంగతికొస్తే, హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి ఒంటి బరువు కేజీకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే నాకు 58 గ్రాములు. బరువులెత్తుతున్నాను కాబట్టి ఇంకాస్త ఎక్కువే. ఒక ఆదివారం కూర్చుని మా ఇంటి తిండి మొత్తం పద్దు రాశాను. పొద్దున్న నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. మధ్యాహ్నం అన్నం, పలచటి పప్పుచారు, బెండకాయ వేపుడు, పెరుగు. సాయంత్రం టీ, బిస్కట్లు. రాత్రి మళ్ళీ అన్నం, కూర, మజ్జిగ. ఎంత లాగినా నలభై గ్రాములు దాటలేదు. పైగా అందులో సగం బియ్యం, మినప్పప్పుల నుంచి వచ్చిందే. పప్పు లేనిదే ముద్ద దిగని తెలుగు ఇంట్లో ఇది నాకు పెద్ద దెబ్బే. మన గరిటెడు పప్పుచారులో కందిపప్పు ఎంతుంటుందో వండేవాళ్ళకి తెలుసు, పదిహేను గ్రాములుంటే గొప్ప.

అన్నం మానలేదు. ఒకసారి మాని చూశాను కదా. ఒక కప్పుకి దింపాను, చుట్టూ ఉన్నవి పెంచాను. పప్పుచారు పోయి ముద్దపప్పు వచ్చింది, నా వంతుకి యాభై గ్రాముల కందిపప్పు, అంటే పదకొండు గ్రాముల ప్రొటీన్. ఇడ్లీ రోజులు తగ్గి పెసరట్టు రోజులు పెరిగాయి, దాని మీద రెండు గుడ్లు కొట్టిపోస్తాను. వైజాగ్‌లో ఉన్న మనిషికి చేపల కరువేంటి? వంజరం ఖరీదని ఎప్పుడో తింటాం గానీ, కానాగంతలు చవగ్గా దొరుకుతాయి. నూటయాభై గ్రాముల చేపలో ముప్పై గ్రాముల దాకా ప్రొటీన్. వారానికి రెండుసార్లు పులుసు. కార్తీక మాసంలో నీచు ముట్టం కాబట్టి మీల్‌మేకర్, మొలకెత్తిన పెసలు, ఉడికించిన శనగలు. మీల్‌మేకర్ ముప్పై గ్రాములు నానబెడితే గిన్నెడవుతుంది, పదిహేను గ్రాముల ప్రొటీన్ వస్తుంది. వాటిని వేడినీళ్ళలో వేసి గట్టిగా పిండి, అల్లం వెల్లుల్లి ముద్ద దండిగా వేసి వేపితే మా అబ్బాయి కూడా తింటాడు. పిండకుండా వండితే ఆ పచ్చి వాసనకి నేను కూడా తినను.

మొత్తం మీద నాకు తేడా తెచ్చింది ఇదే. జిమ్ మానేసిన నెలలున్నాయి, నడక మానేసిన నెలలున్నాయి, ఈ పళ్ళెం మాత్రం మారలేదు. కడుపు నిండుగా ఉంటే సాయంత్రం నాలుగింటికి బిస్కట్ డబ్బా వైపు చెయ్యి వెళ్ళదు. సంకల్పబలం అని అందరూ అంటుంటారు. నాకున్నది మధ్యాహ్నం తిన్న ముద్దపప్పు బలం.

2020 మార్చిలో లాక్‌డౌన్. జిమ్ మూత. ఆ అమ్మాయి వీడియో కాల్‌లో మా ఇల్లంతా చూపించమని అడిగి బరువులు ఏరింది. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఇరవై కేజీలు. బియ్యం బస్తా అప్పట్లో ఇరవై ఐదు. (2022లో ప్యాక్ చేసిన ఇరవై ఐదు కేజీల దాకా జీఎస్టీ వేశాక దుకాణాల్లో ఇరవై ఆరు కేజీల బస్తాలు వచ్చాయి. జీఎస్టీ పుణ్యమా అని నాకు ఒక కేజీ పెరిగింది.) నిండు గ్యాస్ సిలిండరైతే లోపలి గ్యాసు 14.2 కేజీలు, ఇనుముతో కలిపి దాదాపు ముప్పై. కాళ్ళ మధ్య నిలబెట్టి, రెండు చేతుల్తో పై కడియం పట్టుకుని, తలుపు మూసినట్టు తుంటి పంపి లేపడం. ఒకసారి సిలిండరు తెచ్చిన కుర్రాడు గుమ్మంలో దింపి వంటింట్లో పెట్టబోతుంటే నేనే ఎత్తి తీసుకెళ్ళాను. అతను అక్కడే నిలబడిపోయాడు. టిప్పు ఇవ్వకుండా తప్పించుకుంటున్నాననుకున్నాడేమో, ఇచ్చే పంపించాను.

సింహాచలం గిరి ప్రదక్షిణ సంగతి చెప్పాలి. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు, చతుర్దశినాడు, కొండ కింద మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి మళ్ళీ అక్కడికే రావాలి. 2016లో మొక్కుకుని బయల్దేరాను. వెంకోజీపాలెం దగ్గర ఇక కాళ్ళు రాక ఆటో ఎక్కాను. తర్వాత నాలుగు రోజులు మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగడమే. ఆఫీసుకి సెలవు.

2023లో చతుర్దశి ఆదివారం పడింది. రెండు నెలల ముందు నుంచీ ఆదివారాలు దూరం పెంచుకుంటూ వచ్చాను. పది, పధ్నాలుగు, పద్దెనిమిది, ఇరవై రెండు కిలోమీటర్లు, ఆఖరి వారం విశ్రాంతి. కొత్త షూ వేసుకోలేదు, బాగా నలిగినవే వేసుకున్నాను, వేళ్ళ మధ్య వ్యాజలీన్, సంచిలో రెండో జత సాక్సులు. మధ్యాహ్నం రెండింటికి కొబ్బరికాయ కొట్టాం. జూలై ఉక్క, మబ్బు పట్టి గాలాడని వాతావరణం. అడవివరం, ముడసర్లోవ దాకా జనం తోసుకుంటూ వెళ్ళడమే తప్ప నడక అనిపించదు. అడుగడుక్కీ పందిళ్ళు, మజ్జిగ, పానకం, పులిహోర, అరటిపళ్ళు. ప్రతిచోటా "తీసుకో తల్లీ" అంటారు. అన్నీ తీసుకుంటే నడవలేం, కాదంటే బాధపడతారు. నేను మజ్జిగ మాత్రం వదల్లేదు. ఆ చెమటకి ఒట్టి నీళ్ళు ఎంత తాగినా తల దిమ్మెక్కుతుంది, ఉప్పు పడాలి.

చాలామంది ఉత్తకాళ్ళతో నడుస్తున్నారు. నా పక్కన పాయకరావుపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, పొలం పని చేసే మనిషి. ఎవరూ నేర్పకుండానే నాకు కర్రతో నేర్పిన నడుము ఆవిడకుంది. కింద పడిన టవలు తియ్యడానికి వంగితే చూశాను. అప్పుఘర్ దగ్గర సముద్రంలో స్నానాలు చేసేవాళ్ళు చేస్తున్నారు. నేను సాక్సులు మార్చుకున్నాను. వెంకోజీపాలెం దాటుతుంటే పాత ఆటో స్టాండు వైపు చూసి నవ్వొచ్చింది. మాధవధార దగ్గర ఎడమ కాలి చిటికెనవేలికి బొబ్బ లేచింది. ఎన్‌ఏడీ జంక్షన్ నుంచి గోపాలపట్నం దాకా మాటల్లేవు, లెక్కపెట్టుకుంటూ నడవడమే. తొలిపావంచా చేరేసరికి రాత్రి ఒంటిగంట అవుతోంది. దర్శనం క్యూలో నిలబడే ఓపిక లేక మెట్టుకి దణ్ణం పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

సోమవారం తొమ్మిదింటికి ఆఫీసులో ఉన్నాను. లిఫ్టు పనిచెయ్యడం లేదు ఆరోజు. సాయంత్రం మూడంతస్తులూ నిటారుగా దిగాను, కాస్త నెమ్మదిగా. కొలెస్ట్రాల్, షుగర్ రిపోర్టులు ఎన్ని వచ్చాయో గానీ, ఏ కాగితం చూసినా నాకంత సంతోషం కలగలేదు.

అంతా సుఖాంతం అనుకోకండి. ఇప్పుడు నా బరువు 67, 68 మధ్య ఊగుతుంది. 63 మళ్ళీ చూడలేదు, చూడాలనీ లేదు. హెచ్‌బీఏవన్‌సీ కిందటిసారి 5.8, అంటే కింది గీతకి ఇంకా కొంచెం పైనే. మా నాన్న నుంచి వచ్చిన జన్యువులతో అంతకన్నా బేరం కుదరదేమో. డాక్టరుగారు మాత్రం ఈ వయసుకి మీ ఇంట్లో ఇది మందుల్లేకుండా ఉండడమే విశేషం అన్నారు. నెలసరి గాడి తప్పింది. అర్ధరాత్రి చెమటలు పట్టి మెలకువ వస్తే, మర్నాడు తీపి మీదికి మనసు పోతుంది. నిద్ర లేని రోజు బరువులు తగ్గించుకోమంటుంది మా అమ్మాయి, అదే ఆ నెల్లిమర్ల పిల్ల. మెనోపాజ్ దగ్గర పడేకొద్దీ ఎముకలు గుల్లబారతాయి కాబట్టి వచ్చే ఏడాది ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ తీయించుకోమన్నారు. అది చూడాలి.

అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది, డెబ్బై రెండేళ్ళు. కిందటేడు బాత్రూంలో కాలుజారి గోడ పట్టుకుని నిలదొక్కుకుంది, అదృష్టం. ఆ మర్నాడే ఫిజియో ఆవిడ నాకు పెట్టిన కుర్చీ పరీక్ష అమ్మకి పెట్టాను. చేతులు ఆన్చకుండా మూడుసార్లు లేచింది. "స్కూల్లో మేష్టారు గుంజీళ్ళు తీయించినట్టుంది" అని విసుక్కుంది. రోజూ సీరియల్లో యాడ్స్ వచ్చినప్పుడల్లా అయిదేసి చేయిస్తున్నాను, ఇప్పుడు అరనిమిషానికి తొమ్మిది దాకా వచ్చింది. గుడ్డు ఆవిడ ముట్టదు, చేప ఎప్పుడో మానేసింది. మీల్‌మేకర్ చూస్తే "రబ్బరు ముక్కలు" అంటుంది. నానబెట్టి మిక్సీలో తిప్పి పెసరట్టు పిండిలో కలిపేస్తున్నాను. అట్టు ఈమధ్య గట్టిగా వస్తోందేమే అని రెండుసార్లు అడిగింది. బియ్యం ఎక్కువ పడ్డాయని చెప్పాను.